మా పాత బండ్లును, క్రొత్త బండియు

మా పాఠశాల వార్షిక పత్రికకు ప్రతి యేటను ఏదో యొక వ్యాసము వ్రాసి యిచ్చుట మాకు వాడుక. ఇంతకుముందు శుచిత్వమును గూర్చియు, కాలమును వ్యర్థపరుపకుండుటను గూర్చియు వ్రాసితిమి. ఈ యేడు సంపాదక సంఘమువారు మా యొద్దకు వచ్చి, “అయ్యా, హితోపదేశములు పుష్కలముగా వచ్చినవి. తమకు జరిగిన సంగతి యేదైన వ్రాసి యిచ్చిన బాగుండును” అని వినయముగా చెప్పిరి. మా విద్యార్థులును కొంతకాలముగా మా క్రొత్త పికప్పు బండి చుట్టు మూగి, “టర్బో యనగా నేమి సార్?” అని యడుగుచున్నారు. కావున ఆ బండిని గూర్చియే వ్రాయ బూనితిమి. ఇందు ‘మేము’ అని వచ్చుచోట్ల మా తమ్ముడును చేరియున్నాడని చదువరులు గ్రహింతురు గాక. ఏలయన బండి మా యిద్దరిది. దానితో చేసిన తప్పును మా యిద్దరిదే.

మా యిల్లు జైనూరులో నున్నది. 2016 అక్టోబరు 11 వరకు అది ఆదిలాబాదు జిల్లాలోనిది; నాటినుండి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. మా యూరినుండి పడమటికి పోయినచో ఉట్నూరు, అటుపైన ఇంద్రవెల్లి, ఆదిలాబాదు. తూర్పునకు పోయినచో కెరమెరి, ఆసిఫాబాదు. తూర్పు త్రోవలో కెరమెరికి చేరకమునుపే ఘాటు దిగవలెను. మా ప్రాంతమున పండు పత్తి, సోయా, కంది ఆ త్రోవను పోవునప్పుడు కొండ దిగి పోవును. మాకు కావలసిన సిమెంటు, ఎరువులు, వసతిగృహపు బియ్యము ఆ త్రోవను వచ్చునప్పుడు కొండ యెక్కి రావలెను. బండి యెటువంటిదైనను దానికి పరీక్ష యా ఘాటే. మా యింట మూడు తరములవారు ఆ పరీక్షకు కూర్చుండిరి.

మా తాతగారికి మోటారు లేదు, ఎడ్లబండి యుండెను. ఇప్పటికిని పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరు నాగోబా జాతరకు మెస్రం వంశపు గోండు సోదరులు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చుట మన విద్యార్థులందరు చూచినదే. 1940 దశకములో మా మండలమందలి మార్లవాయిలో కాపురముండి గోండుల జీవనమును వ్రాసిన హైమెన్‌డార్ఫ్ దంపతుల కాలమున ఈ అడవులలో సరకంతయు ఎడ్ల మెడమీదనే నడిచెను. తాతగారు కొండ దిగునప్పుడు బండి వెనుక ఒక లావుపాటి దుంగను త్రాటితో కట్టి యీడ్పించెడివారట. అది నేలను రాచుకొనుచు బండిని వెనుకకు లాగుచుండెను. ఈ దుంగ సంగతి చిన్ననాడు వినినప్పుడు మాకు నవ్వు వచ్చెను. దాని విలువ తరువాత తెలిసినది.

మా యింటికి వచ్చిన మొదటి మోటారుబండి మా తండ్రిగారు 1998లో పాతది కొన్న పికప్పు. ముందు జీపు మొగము, వెనుక ఇనుపరేకుల డబ్బా. 1947లో బొంబాయిలో మహీంద్రా కంపెనీవారు విల్లీసు జీపులను బిగించుట మొదలుపెట్టిన నాటినుండి మన దేశమున జీపును సాగదీసి సామానుబండిగా చేయుట పరిపాటియైనది. అప్పటికే 1986లో వచ్చిన టాటా 407 ఉట్నూరు దారిలో తిరుగుచుండెను. టయోటావారితో కూడి డీసీఎం కంపెనీవారు చేసిన బండ్లును తిరుగుచుండెను. ఆ కంపెనీ 1990 దశకముననే చేతులు మారినను, మన తెలంగాణలో మధ్యరకపు సామానుబండి దేనినైనను నేటికిని ‘డీసీఎం’ అనియే పిలుచుచున్నారు. కాని అవి మా తండ్రిగారి శక్తికి మించినవి.

ఆ పాత పికప్పు ఇంజను నాలుగు సిలిండర్లది, టర్బో లేదు. సమతలమున బాగుగనే పోవును. ఘాటులో మాత్రము బరువుతో నున్నచో మొదటి గేరు తప్ప మరియొక గేరు దానికి రాదు. మనిషి నడకతో సమానముగా, నల్లపొగ విడుచుచు, మూలుగుచు ఎక్కును. మేము వెనుకనుండి దిగి, చేత చెరియొక రాయి పట్టుకొని ప్రక్కన నడచెడివారము. బండి ఆగిన తక్షణము చక్రము వెనుక రాయి పెట్టుట మా పని. మలుపువద్ద ఆపి, రేడియేటరులో నీళ్లు పోసి, ఇంజను చల్లారువరకు కూర్చుండి తెచ్చుకొన్న రొట్టె తినెడివారము. దిగునప్పుడును అంతియే. తండ్రిగారు కొండ మొదటనే బండి నాపి, మొదటి గేరు వేసి, అడుగువరకు ఆ గేరు విడువరు. “ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను” అని మాకు పలుమారు చెప్పిరి. మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని బడిలో చేరిన పిదప ఈ మాటను తరగతిలో సామెతవలె వాడుకొంటిమి. కష్టపడి యెక్కినవాడు జాగ్రత్తగా దిగవలెననునది మేము పిల్లలకు తీసి చెప్పిన నీతి. వారు దానిని నోటుపుస్తకములలో వ్రాసికొనిరి.

రెండవది 2010లో కొన్న చిన్నబండి. 2005లో టాటావారు ఏస్ అను బండిని వెలువరించిన పిమ్మట పల్లెటూళ్ల రవాణా మారిపోయినది. రెండు సిలిండర్లు, సుమారు 700 ఘనసెంటీమీటర్ల ఇంజను, 16 అశ్వశక్తులు, ముప్పావు టన్ను బరువు. ఇంతియే దాని కొలత. అయినను ఆటోకు ఎక్కువై లారీకి తక్కువైన పనులన్నియు దానికి దొరకినవి. మేము కొన్నదియు అట్టి చిన్నరకమే. సంతకు కూరగాయలు మోయుటకు, పెండ్లికి పందిరిసామాను తెచ్చుటకు, ఆదివారము దూరపు గూడెములనుండి వృద్ధులను గుడికి తీసికొనివచ్చుటకు అంతకంటె అనువైనది లేదు. డీజిలు తక్కువ త్రాగును. ఇరుకు సందులో తిరుగును. ఘాటునకు మాత్రము దానిని పూర్తి బరువుతో పంపుట న్యాయము కాదు. చిన్న గుఱ్ఱమునకు పెద్ద బరువెత్తి, అది నడువలేదని నిందించుట తగదు. కావున పెద్ద బరువులు పాత పికప్పుకు, చిన్న పనులు చిన్నబండికి అని పంచుకొని పదమూడేండ్లు గడపితిమి.

2023లో ఆ రెండును ముసలివైనవి. పాత పికప్పునకు విడిభాగములు దొరకుట కష్టమైనది. ఒక వానకాలపు రాత్రి వసతిగృహపు బాలునికి పాము కరువగా, మా తమ్ముడు దానిమీదనే ఉట్నూరు ఆసుపత్రికి తీసికొనిపోయెను. నడుమ రెండు మారులు ఇంజను ఆగెను. దేవుని కృపవలన బాలుడు బ్రదికెను. కాని ఆ రెండు మారులు ఆగిన నిమిషములను మా తమ్ముడు మరువలేకపోయెను. తెల్లవారిన తరువాత, “అన్నా, అప్పు చేసియైన క్రొత్తది కొందము” అనెను. మేము కాదనలేదు. బ్యాంకులో అప్పు తీసికొని, రెండు పాతబండ్లను అమ్మి, ఒక్క క్రొత్తబండిని కొంటిమి. దాని కంపెనీ పేరు వ్రాసిన ప్రకటనవలె నుండునని మానితిమి. పాత పికప్పును కొన్నవారు వచ్చి తోలుకొనిపోవునాడు మా తండ్రిగారు ఇంటిలోనే యుండిరి. బండి చప్పుడు వీధి మలుపు దాటువరకు విని, “సైలెన్సరు బాగు చేయించుమని వారికి చెప్పితిరా?” అని మాత్రము అడిగిరి.

ఇక టర్బో సంగతి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని సిలిండరులో మిక్కిలి యొత్తగా అది వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి డీజిలును తుంపరగా చిమ్మగా అది మండును. రూడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు 1897లో నడపి చూపిన యింజనునకు మూలసూత్రమిదియే. ఇందులో గాలి యెంతయో, మండగల డీజిలు అంతియే. గాలి చాలక చిమ్మిన డీజిలు సగము కాలి నల్లపొగయై పోవును. పాత ఇంజను తన పిస్టను పీల్చుకొన్న గాలితోనే తృప్తి పడవలెను. మా పాత పికప్పు ఘాటులో విడిచిన పొగ యంతయు, మేము డబ్బిచ్చి కొనియు మండించుకొనలేని డీజిలే.

టర్బోచార్జరు నత్తగుల్లలవంటి రెండు డిప్పలు గల యంత్రము. రెండింటిలోను రెక్కలచక్రములున్నవి, రెండు చక్రములకు ఇరుసు ఒకటే. సిలిండరులో మండి బయటికి తరుముకొని పోవు వేడి వాయువు మొదటి చక్రమును త్రిప్పును. దానితోపాటు తిరుగు రెండవ చక్రము బయటి గాలిని పట్టి ఇంజనులోనికి నొత్తును. వాని వేగము నిమిషమునకు లక్ష చుట్లకు మించును. ఒత్తిన గాలి వేడెక్కి పలుచబడును గనుక దానిని ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పెట్టెగుండ పంపి చల్లబరతురు. ఇట్లు అదే పరిమాణము గల ఇంజను ఎక్కువ గాలిని, ఎక్కువ డీజిలును మండించుకొని ఎక్కువ బలము చూపును.

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే ఈ యూహకు పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో సాన్‌ఫర్డ్ మాస్ అను నతడు 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరముమీద విమానపు ఇంజనుకు టర్బో తగిలించి, పలుచని గాలిలోను దాని బలము తగ్గకుండునట్లు చూపెను. అప్పుడు విమానమునకై ప్రయత్నించినది నేడు జైనూరులో సోయాబస్తాలు మోయుచున్నది. బయటికి పారవేయు పొగలో మిగిలిన శక్తినే మరల పనిలో పెట్టుట మాకు ఎంతయో నచ్చినది. అయిదు రొట్టెలు వేలమందికి పంచిన దినమున మిగిలిన ముక్కలను సహితము గంపలకెత్తించిన మన ప్రభువు ఈ యంత్రమును చూచిన సంతోషించియుండునని ఆదివారపు బడిలో చెప్పితిమి.

క్రొత్తబండి ఇంజను సుమారు రెండున్నర లీటర్లది. పాత పికప్పు ఇంజనును ఇంచుమించు అంతియే. కాని దీని బలము 75 అశ్వశక్తులు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట వచ్చిన భారత్ స్టేజి 6 నియమమునకు లోబడినది గనుక నల్లపొగ కనబడదు. మొదటిమారు కెరమెరినుండి సిమెంటుతో ఘాటు ఎక్కినప్పుడు మా తమ్ముడు రెండవ గేరులో నారంభించి, మూడవ గేరునకు మార్చెను. బండి జంకలేదు. మేము రాళ్లు పట్టుకొని నడచిన మలుపులన్నియు కిటికీలోనుండి వెనుకకు జరిగిపోయెను. ఒక్క లోపము మాత్రము కనిపెట్టితిమి. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు పొగ బలహీనముగా నుండును గనుక టర్బో వెంటనే అందుకొనదు. ఒక క్షణము తడవు చేసి, అటుపైన ఒక్కసారిగా లాగును. ఎత్తుమీద నిలిచిన బండిని కదలించునప్పుడు ఇది యెరిగి యుండవలెను. తక్కిన విషయములలో పాతబండితో పోలికయే లేదని ఆనాడు ఇంటికి పోయి తండ్రిగారికి చెప్పితిమి. వారు విని యూరకుండిరి.

ఆ యేడు సోయా కోతల తరువాత ఒక శనివారము మేము బస్తాలు నింపుకొని ఆసిఫాబాదునకు బయలుదేరితిమి. బండి లాగుచున్నది గదా యని, పుస్తకములో వ్రాసిన బరువుకంటె అయిదారు బస్తాలు ఎక్కువే వేసితిమి. మా తమ్ముడు తోలుచుండెను. పదవ తరగతి విద్యార్థి యొకడు, వాని అక్కగారి యింటికి పోవువాడు, మా నడుమ కూర్చుండెను. ఘాటు మొదట మా తమ్ముడు మూడవ గేరు వేసెను. మేము చూచితిమి, అది మాకు సరిగానే తోచెను. ఈ బండి మూడవ గేరులో ఎక్కినది గనుక మూడవ గేరులోనే దిగవలెను గదా!

రెండవ మలుపు దాటువరకు బాగుగనే యుండెను. బండి వేగము పుంజుకొనుచుండగా తమ్ముడు మాటిమాటికి బ్రేకు త్రొక్కుచుండెను. తరువాత ఏదో కాలుచున్న వాసన వచ్చెను. “అన్నా, బ్రేకు క్రిందికి పోవుచున్నది” అని తమ్ముడు మెల్లగా ననెను. ఎడమ ప్రక్క లోయ, కుడి ప్రక్క మట్టిదిబ్బ. వాడు తబ్బిబ్బు పడక, పెద్ద చప్పుడుతో రెండవ గేరునకు, పిదప మొదటి గేరునకు దింపి, చేతిబ్రేకు లాగుచు, కుడి ప్రక్క కాలువలోనికి చక్రములు దించి, దిబ్బకు రాయించి ఆపెను. ఎదురుగా ఏ బండియు రాలేదు. ఎవరికిని గాయము కాలేదు. ముందు చక్రములనుండి పొగ లేచుచుండెను. మేము దిగి, కాళ్లు వణకుచుండగా రాయి వెదకి చక్రమునకు పెట్టితిమి. ఎన్నియో యేండ్లకు మరల రాయి పట్టితిమి.

అప్పుడు ఆ విద్యార్థి యడిగిన మాటను ఈ పత్రికలో వ్రాయక దాచినచో మా వ్యాసము అబద్ధమగును. వాడు భయముతోనే, ఏ మాత్రమును ఎగతాళి లేక, “సార్, ఎక్కిన గేరుల్నే దిగాలని మీరే చెప్పిండ్రు గద? మరి ఇట్లెందుకయింది?” అనెను. మాకు ఉత్తరము తోచలేదు. వాని నోటుపుస్తకమున మా చేతులమీదుగానే వ్రాయించిన మాట యది.

మరునాడు బ్రేకులు విప్పి చూచిన మిస్త్రీ ఉత్తరములో సగము చెప్పెను. “సార్, ఇంజనుకు బలమెక్కువయింది గని, బ్రేకుకు గాలె. బరువుకు అసలే తెల్వది” అనెను. తక్కిన సగము మా తండ్రిగారు చెప్పిరి. మేము జరిగినదంతయు విన్నవించి, ‘మీ మాట ప్రకారమే చేసితిమి’ అని కూడ అన్నాము. ఆ మాట అనకయుండవలసినది. వారికి కోపము రాలేదు. “నా బండి ఫస్టు గేరుల తప్ప ఎక్కకపోయేది. అందుకే గా మాట చెప్పిన. నీ బండి మూడో గేరుల ఎక్కుతదని నాకేమెరుక, బిడ్డా? నేను చెప్పింది గేరు గాదు, నిదానం” అనిరి.

తరగతిలో మేము శక్తినిత్యత్వ నియమమును బోధించు వారము. ఆ రాత్రి కాగితముమీద లెక్క వేసితిమి. బండియు బరువును కలిసి మూడు టన్నులైనచో, అది 100 మీటర్ల ఎత్తు దిగునప్పుడు సుమారు 30 లక్షల జౌళ్ల శక్తిని ఎక్కడనో విడువవలెను. అది తొమ్మిది లీటర్ల చల్లని నీటిని మరగించునంత వేడి. తాతగారి బండికి ఆ శక్తిని దుంగ తీసికొని నేలకిచ్చెను. తండ్రిగారి బండికి మొదటి గేరులో గిరగిర తిరుగు ఇంజను తీసికొనెను. మేము దానినంతయు బ్రేకులమీద వేసితిమి. టర్బో ఇంజనును ఎక్కునప్పుడు బలపరచును. దిగునప్పుడు, డీజిలు త్రొక్కనప్పుడు, పొగ లేదు, టర్బో బలమును లేదు. బండిని వెనుకకు పట్టి యుంచుటలో క్రొత్త ఇంజను పాత ఇంజనుకంటె ఏమంత గొప్పది కాదు. ఇంజను మారినది, కొండయు, బరువును మారలేదు. తండ్రిగారి సూత్రము దాని కారణముతో కూడ మాకు తెలిసియుండినచో ఈ భేదము ముందే కనబడియుండును. కారణమును విడిచి మాటను మాత్రము పట్టుకొంటిమి. దానినే పిల్లలకును పంచితిమి.

సోమవారము పదవ తరగతిలో మేము మొదట ఆ విద్యార్థి ప్రశ్నను నల్లబల్లమీద వ్రాసి, మా తప్పును ఒప్పుకొని, పై లెక్కను వారిచేతనే చేయించితిమి. పాత సామెతను కొట్టివేయుమనలేదు. దాని క్రింద, ‘ఏలయన’ అని వ్రాసి, కారణమును వ్రాసికొనుమంటిమి. ఆ తరగతి యంత నిశ్శబ్దముగా విన్న దినము మా అనుభవములో మరియొకటి లేదు.

క్రొత్తబండిని ఇప్పుడు కొన్ని నియమములతో నడపుచున్నాము. పుస్తకములో వ్రాసిన బరువునకు ఒక్క బస్తా మించము. ఘాటు మొదట ఆగి రెండవ గేరు, వాలు ఎక్కువైనచోట మొదటి గేరు వేసి, బ్రేకును అవసరమునకే వాడుదుము. దూరము తోలి ఆగినప్పుడు వెంటనే తాళము త్రిప్పక ఒక నిమిషము ఇంజనును నెమ్మదిగా తిరుగనిత్తుము. ఏలయన వేడెక్కిన టర్బో ఇరుసును చల్లార్చు నూనె ఇంజను తిరిగినంతవరకే ప్రవహించును. ఆ నిమిషమును మా తమ్ముడు ప్రార్థనకు వాడుకొనుచున్నాడు.

పాతబండి మంచిదా, క్రొత్తబండి మంచిదా యని అడుగువారికి మా ఉత్తరమిది. పాము కరచిన బాలుని తీసికొని రాత్రివేళ పోవలసినచో క్రొత్తబండినే కోరుదుము. అందు సందేహము లేదు. కాని పాతబండి తన బలహీనతవలననే మాకు జాగ్రత్త నేర్పెను. క్రొత్తది అట్లు నేర్పదు. దానితోడి జాగ్రత్తను మనమే తెలిసి తెచ్చుకొనవలెను. విద్యార్థులారా, మీరు మాకంటె బలమైన బండ్లను తోలుదురు. పెద్దలు చెప్పిన మాటను త్రోసివేయకుడు, కారణమడుగకుండ మోయకుడు. మేము చెప్పిన మాటనైనను సరే, అడుగుడు.

పోయిన నెలలో మా తండ్రిగారు మొదటిమారుగా క్రొత్తబండి యెక్కి ఆసిఫాబాదునకు మాతో వచ్చిరి. ఘాటు మొదట తమ్ముడు ఆగి రెండవ గేరు వేయగా, వారు కిటికీలోనుండి లోయవైపు చూచుచు ఏమియు పలుకలేదు. అడుగునకు చేరిన పిదప, “సప్పుడు మంచిగున్నది” అనిరి.